లాగిన్ ఆమెది, ఓటీపీ ఎవరికి?

లీడర్‌షిప్ అనగానే మనకి గుర్తొచ్చేది స్టేజి, మైకు, పేరు పక్కన ఒక పదవి. మాది ఎమ్మిగనూరు. మా వైపు, అంటే ఎమ్మిగనూరు, ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో, ఆడపిల్ల లీడర్‌షిప్ వీటన్నిటికంటే ముందే మొదలవుతుంది. "నాకిప్పుడే పెళ్ళి వద్దు, చదువుకుంటాను" అని ఇంట్లో చెప్పిన రోజున. ఆ మాట అనడం ఎందుకంత కష్టమో, అన్నాక అది నిలబడాలంటే ఏం కావాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బయటివాళ్ళకి ఆదోని అంటే పత్తి మార్కెట్, ఎమ్మిగనూరు అంటే చేనేత. కానీ కోసిగి, కౌతాళం, ఆస్పరి లాంటి మండలాల్లో చాలా కుటుంబాలు వాన మీదే ఆధారపడి బతుకుతాయి. పంట పోయిన ఏడు ఇళ్ళకి తాళాలు పడతాయి. గుంటూరు మిరప చేలకి, తెలంగాణ పత్తి చేలకి, బెంగళూరులో బిల్డింగ్ పనులకి పిల్లాజెల్లాతో వెళ్ళిపోతారు. దీన్నే మేము 'సుగ్గికి పోవడం' అంటాం.

సుగ్గికి పోయే ముందు ఇంట్లో ఒక లెక్క నడుస్తుంది. ఎదిగిన పిల్లని ఊళ్ళో ఒంటరిగా వదిలిపెట్టలేరు. వెంట తీసుకుపోతే బడి పోతుంది. ఇక మిగిలింది పెళ్ళి, చేసేస్తే 'బాధ్యత తీరిపోతుంది'. ఆ తల్లిదండ్రులు చెడ్డవాళ్ళేం కాదు, వాళ్ళకి కనబడే ఆప్షన్లే అవి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా ఆడవాళ్ళ అక్షరాస్యత 50 శాతం కూడా దాటలేదు. మగవాళ్ళది 70 శాతం. ఈ తేడాలో ఆ లెక్కకీ వాటా ఉంది.

ఇప్పుడు ఆదోని మండలం పెద్దహరివాణం సంగతి. ఆ ఊరి అమ్మాయికి పదో తరగతిలో 600కి 537 మార్కులు వచ్చాయి. దగ్గర్లో ఇంటర్ కాలేజీ లేదు, చదివించే స్తోమత లేదు. ఇంట్లో అక్కల పెళ్ళిళ్ళు అయిపోయాయి, ఇక తన వంతు. 2023లో ఎమ్మెల్యే ఇంటింటి కార్యక్రమానికి వచ్చినప్పుడు ఆమే ఎదురెళ్ళి, చదువుకుంటానని చెప్పింది. విషయం అప్పటి కలెక్టర్ జి. సృజన దాకా వెళ్ళింది. పెళ్ళి ఆగింది. ఆస్పరి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సీటు వచ్చింది. 2024లో ఇంటర్ ఫస్టియర్ బైపీసీలో 440కి 421 తెచ్చుకుంది. ఐపీఎస్ అవుతానంది.

పేపర్లన్నీ ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నాయి, మెచ్చుకోవాల్సిందే. కానీ ఇంకో సంగతి కూడా చూడాలి. ఆస్పరిలో హాస్టల్‌తో పాటు ఇంటర్ లేకపోతే ఆ ధైర్యం ఎక్కడికి పోయేది? కస్తూర్బా స్కూళ్ళు 2004లో మొదలయ్యాయి, ఆడవాళ్ళ చదువు వెనకబడిన మండలాల కోసమే. మొదట 8వ తరగతి వరకే ఉండేవి, తర్వాత చాలా చోట్ల ఇంటర్ దాకా పెరిగాయి. "వద్దు" అనే మాట అమ్మాయిది. ఆ మాట అన్నాక పడుకోవడానికి ఒక మంచం, తినడానికి అన్నం, చదువుకోవడానికి క్లాస్‌రూం ఉండాలి. ఇవి లేకపోతే ఆ "వద్దు" వారం కూడా నిలబడదు.

ఇది మన ఒక్కరి కథే కాదు. ఆఫ్రికాలో జింబాబ్వే చట్టం అమ్మాయిలకి 16 ఏళ్ళకే పెళ్ళి ఒప్పుకునేది. చిన్న వయసులోనే పెళ్ళయిన లవ్‌నెస్ ముద్జురు, రువింబో త్సోపొడ్జి అనే ఇద్దరు యువతులు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళారు. 2016 జనవరి 20న కోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది. అదే ఏడాది టాంజానియాలో రెబెకా గ్యూమి ఇలాంటి కేసే హైకోర్టులో గెలిచింది. 2019లో అప్పీల్ కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది.

అక్కడ వాళ్ళు చట్టం కోసం కొట్లాడారు. మనకి చట్టం ఉంది. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. ఇప్పటికే చిన్నతనంలో పెళ్ళయిపోతే, మేజర్ అయ్యాక రెండేళ్ళ లోపు కోర్టుకి వెళ్ళి దాన్ని రద్దు చేయించుకోవచ్చు. ఈ రెండో సంగతి మనలోనే చాలామందికి తెలియదు. పుస్తకంలో ఉన్న చట్టాన్ని ఇంటి గడప దాటించడం మాత్రం ఇంకా ఆ పదిహేనేళ్ళ పిల్ల పనిగానే మిగిలింది.

పదవుల సంగతికొద్దాం. 2020 అక్టోబరు 11, అంతర్జాతీయ బాలికా దినోత్సవం నాడు పక్క జిల్లా అనంతపురంలో అప్పటి కలెక్టర్ గంధం చంద్రుడు ఆఫీసు కుర్చీలన్నీ ఒక్కరోజు అమ్మాయిలకి అప్పజెప్పారు. గార్లదిన్నె కస్తూర్బాలో ఇంటర్ చదివే అమ్మాయి లాటరీలో ఎంపికై కలెక్టర్ సీట్లో కూర్చుంది. మంచి పని. ఆ కుర్చీ సాయంత్రానికి ఖాళీ చేయాల్సిందే అయినా, కూర్చున్న పిల్లకి, చూసిన పిల్లలకి అది దొరకని వస్తువు కాదని తెలిసింది.

అసలు కుర్చీ 21 ఏళ్ళకి వస్తుంది. సర్పంచ్‌గా పోటీ చేయడానికి కనీస వయసు అదే. మన రాష్ట్రంలో పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్ళవి. కానీ ఎన్ని ఊళ్ళలో ఫ్లెక్సీ మీద ఆమె పక్కన ఆయన ఫోటో ఇంకా పెద్దగా ఉండదు? మన భాషలో చెప్పాలంటే లాగిన్ ఆమె పేరు మీద, ఓటీపీ మాత్రం ఆయన ఫోన్‌కి. పదిహేనేళ్ళకి బడి మానిపించిన పిల్లని ఇరవై ఒకటికి సర్పంచ్ చేస్తే, తీర్మానంలో ఏముందో ఎవరో చదివి వినిపించాలి. ఇంటర్ పూర్తి చేసిన పిల్ల తనే చదువుకుని, నచ్చకపోతే సంతకం పెట్టనంటుంది. హాస్టల్ మంచానికి, సర్పంచ్ కుర్చీకి ఉన్న సంబంధం ఇదే.

సెలవులకి ఊరెళ్ళినప్పుడు, టెన్త్ అయిపోయిన అమ్మాయి కనబడితే "తర్వాత ఏంటి?" అని అడగండి. కస్తూర్బాలో ఇంటర్ ఉంటుందని చెప్పండి. ముహూర్తం పెట్టేశారని తెలిస్తే చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఇక మన దగ్గర ఫెస్ట్ వచ్చిన ప్రతిసారీ ముగ్గులు, యాంకరింగ్, బొకేలు అమ్మాయిలకి, బడ్జెట్, స్పాన్సర్లు అబ్బాయిలకి పడుతున్నాయి. ఈసారి కమిటీ లిస్ట్ వేసేటప్పుడు అకౌంట్ ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో కూడా ఒకసారి చూద్దాం.