బడిలో పోయింది, వంటింట్లో మిగిలింది

మకావు అనగానే మనలో చాలామందికి జూదశాలలే గుర్తొస్తాయి. హాంకాంగ్ వెళ్లినవాళ్లు ఓ పూట అటు వెళ్లి, సెయింట్ పాల్ చర్చి శిథిలాల ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. ఆ ఊరితోపాటే పుట్టి పెరిగిన ఒక చిన్న సమాజం అక్కడ ఉందన్న సంగతి వాళ్ల దృష్టికి రాదు. వాళ్లు మకనీస్‌లు. 1557 ప్రాంతంలో పోర్చుగీసు వర్తకులు అక్కడ స్థిరపడ్డాక గోవా, మలక్కా, జపాన్, తిమోర్, చైనా స్త్రీలతో ఏర్పడిన కుటుంబాల సంతతి. తమను తాము ‘ఈ నేల బిడ్డలం’ అని చెప్పుకుంటారు. 1844 దాకా మకావు గోవా పాలన కిందే ఉండేది కాబట్టి వాళ్ల కథలో మన పడమటి తీరానికీ వాటా ఉంది. ఇవాళ మకావులో ఉన్నది కొన్ని వేలమందే. మిగతావాళ్లు లిస్బన్, సావో పాలో, టొరంటో, కాలిఫోర్నియా, సిడ్నీలకు చెదిరిపోయారు. అయినా ఎక్కడున్నా మేం మకనీస్‌లమని గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. అయితే వాళ్ల చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే ఒకటి తేలుతుంది. వారసత్వాన్ని తరం నుంచి తరానికి దాటించింది గర్వం కాదు, రోజూ చేసే పని. పని ఆగిపోయినచోట గర్వం ఆలస్యంగా వచ్చి, మిగిలింది ఏరుకోవలసి వచ్చింది.

వాళ్ల భాష సంగతే చూడండి. దాని పేరు పతువా. మాటల్లో ఎక్కువ పాలు పోర్చుగీసువి, వాటిని పేర్చే తీరు మాత్రం ఆసియాది. మలయ్, కొంకణి, సింహళ, కాంటనీస్ మాటలు అందులో కలిసిపోయాయి. తరాల తరబడి ఇళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్ల నోట, ఇదే నడిచింది. దీన్ని చట్టం పెట్టి ఎవరూ ఆపలేదు. ఆ అవసరమే రాలేదు, బడి ఆ పని చేసిపెట్టింది. పోర్చుగీసు చదువులు పెరిగేకొద్దీ పతువా ‘చెడిపోయిన పోర్చుగీసు’ అయిపోయింది. మకావులో సర్కారు కొలువుకు, దుబాసీ పనికి శుద్ధమైన పోర్చుగీసు కావాలి. 1841లో బ్రిటిష్‌వాళ్లు హాంకాంగ్‌ను పట్టుకున్నాక అక్కడి బ్యాంకుల్లో, కంపెనీల్లో గుమాస్తాలుగా చేరిన మకనీస్‌లకు ఇంగ్లిష్ కావాలి. పిల్లల బాగు కోరిన పెద్దలే ఇంటిభాషను చిన్నచూపు చూశారు. తెలుగు ఇళ్లలో ఇంగ్లిష్ మీడియం మీద జరిగే వాదనలు విన్నవాళ్లకు ఈ తంతు విడమరిచి చెప్పనక్కర్లేదు. 2009లో యునెస్కో తన అట్లాసులో పతువాను అంతరించే అంచున ఉన్న భాషల్లో చేర్చేనాటికి, దాన్ని ధారాళంగా మాట్లాడేవాళ్లు యాభైమంది వరకే ఉంటారని అంచనా. ‘అడే’గా పేరుపడ్డ జొసె దొస్ సాంతొస్ ఫెరైరా (1919–1993) అప్పటికే జీవితమంతా ఆ భాషలో కవితలు, నాటకాలు రాసి వెళ్లిపోయాడు. భాషను జనం వదిలేస్తున్న కాలంలో ఒక కవి ఒక్కడే దాన్ని పట్టుకుని కూర్చోవడం గొప్ప విషయమే. కానీ కవి ఎంత గొప్పవాడైనా పసిపిల్లతో మాట్లాడే అమ్మమ్మకు సాటిరాడు.

వంటింటి కథ వేరుగా నడిచింది. వంటకు పరీక్ష లేదు, మార్కులు లేవు, శుద్ధమైన పోర్చుగీసు వంట రాకపోతే ఉద్యోగం రాదన్న భయం లేదు. అందుకే అక్కడ అన్ని దేశాల రుచులూ నిర్భయంగా కలిశాయి. కైమాను సోయా సాస్‌తో వేయించి, ముక్కలుగా కోసి వేపిన బంగాళదుంపలు కలిపి, పైన గుడ్డు వేసే మిన్షి వాళ్ల రోజువారీ తిండి. పులియబెట్టిన రొయ్యల ముద్ద బలిషావుతో, చింతపండుతో వండే పంది మాంసం మరొకటి. మన చింతపండు పులుసు తెలిసినవాళ్లకు ఆ రుచి మరీ అపరిచితం అనిపించదు. క్రిస్మస్‌కు చేసే మిఠాయిల్లో ‘అలువా’ ఒకటి. మన హల్వాకు చుట్టమే, పేరులోనే తెలిసిపోతోంది. అలువా బాలయేసు పరుపట, ఫార్త్ అనే మిఠాయి తలగడ, కొష్కొరాయిష్ అనే పల్చటి వేపుడు దుప్పటి. మూడూ కలిస్తే పక్క సిద్ధం. చంటిబిడ్డకు పక్క వేస్తున్నామని చెప్పి పిల్లల చేత పిండి కలిపిస్తే, వారసత్వం గురించి ఉపన్యాసం చెప్పాల్సిన పనేముంది? అయితే వంటింట్లోనూ ఒక చిక్కు ఉంది. వంట రహస్యాలు కుటుంబం దాటనివ్వకపోవడం కూడా అక్కడ గౌరవంగానే చెల్లింది. ఆ రకం గర్వం వంటకాలను తమతోనే మట్టిలో కలిపేస్తుంది. దానికి ఎదురు నిలిచిన మనిషి ఆయిదా ద జెజుస్. 1915లో పుట్టి, 105 ఏళ్లు బతికి, 2021లో కన్నుమూసిన ఈ పెద్దావిడ ‘రికెషో’ అనే మామూలు భోజనశాలలో ఇంటివంటను ఎవరికైనా వడ్డించింది. మకనీస్ వంటకు పెద్దదిక్కు అన్న పేరు ఆమెకు దాచిపెట్టుకున్నందుకు రాలేదు, పెట్టినందుకు వచ్చింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయకూడదు. ఇదంతా వలసపాలన మీద బెంగ కాదా అని అడగవచ్చు. మకనీస్‌లు పాలకులకూ చైనా జనానికీ మధ్య నిలిచిన తరగతి. లిస్బన్ నుంచి వచ్చిన అధికారి వాళ్లను ఒక మెట్టు కింద చూసేవాడు. వాళ్లలో చాలామంది చైనావాళ్లను అలాగే చూసేవారు. పూర్వికుల్లో చైనా స్త్రీల వాటా ఎంత అన్నదాని మీద కూడా చరిత్రకారుల్లో పెద్ద వాదమే జరిగింది. చర్చి రిజిస్టర్లు ముందుపెట్టి మాన్యువెల్ తెయిషైరా ఆ వాటా ఎక్కువన్నాడు. ఆనా మరియా అమారో ఆసియాలోని మిగతా మూలాలకు పెద్దపీట వేసింది. వాదం ఎటు తేలినా, ఎవరి కడుపున పుట్టామన్నది చెప్పుకోవడానికి వెనకాడిన రోజులు ఉండేవన్నది నిజం. దీన్ని విమర్శించడానికి బయటివాళ్ల కోసం ఆగనక్కర లేకుండా వాళ్ల రచయితే ఆ పని చేశాడు. ఎన్రిక్ ద సెన్న ఫెర్నాండెస్ (1923–2010) రాసిన ‘మంత్రపు జడ’ నవలలో గొప్పింటి మకనీస్ కుర్రాడు నీళ్లు మోసే చైనా అమ్మాయిని ప్రేమిస్తాడు. ఇటు వాళ్లూ అటు వాళ్లూ ఇద్దరినీ వెలేస్తారు. తన సమాజపు డాబును ఇంత సూటిగా చూపిన పుస్తకాన్ని ఆ సమాజం సొంతం చేసుకుంది. కాబట్టి గర్వపడటానికి చరిత్రను కడిగి తుడవాల్సిన అవసరం లేదు.

మరో ప్రశ్న పరదేశాల్లో ఉన్నవాళ్ల గురించి. మూడో తరం కాలిఫోర్నియాలో పుట్టి, బయటివాళ్లను పెళ్లాడి, ఇంగ్లిషే మాట్లాడుతుంటే ఇక మిగిలిందేమిటి? రక్తం పలచబడిందన్న ఈ వాదన వేరే జాతుల విషయంలో ఎలా ఉన్నా, కలయికతోనే పుట్టిన జాతి మీద బొత్తిగా నిలవదు. అసలు ముప్పు మరో చోట ఉంది. పేరే వారసత్వం అనుకోవడంలో ఉంది. జొర్జె ఫొర్జాజ్ 1996లో మకనీస్ కుటుంబాల వంశావళిని మూడు పెద్ద సంపుటాలుగా ప్రచురించాడు. విలువైన పనే, అందులో ముత్తాత పేరు చూసుకుని మురిసిపోవచ్చు. కానీ అక్కడితో ఆగితే అది లైబ్రరీ సొత్తు. 1959లో అమెరికాలో పెట్టుకున్న సంఘం, లిస్బన్, బ్రెజిల్, కెనడా, ఆస్ట్రేలియాల్లోని ‘మకావు ఇళ్లు’, 1990ల నుంచి మకావులోనే జరుపుకుంటున్న సమ్మేళనాలు, ఇవన్నీ మనుషులను ఒకచోట కూర్చోబెట్టినంతవరకు మేలు చేస్తాయి. పెద్దలు భోంచేసి పాత కబుర్లు చెప్పుకుంటే సరిపోదు, మిన్షి కలిపే గరిటె పదేళ్ల పిల్ల చేతికి ఇవ్వాలి.

1999 డిసెంబరు 20న మకావు చైనా పాలనలోకి వెళ్లింది. ఈ సమాజం కరిగిపోతుందని అప్పట్లో భయపడినవాళ్లున్నారు. కానీ 2021లో మకనీస్ వంటను, పతువా నాటకాన్ని చైనా తన జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. సర్కారు ముద్ర పడితే కళ అద్దాల పెట్టెలోకి వెళ్తుందని, పర్యాటకుల కోసం వేషం కడుతుందని అనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. మకావు గుర్తుగా లోకమంతా కొనుక్కుతినే గుడ్డు టార్టును 1989లో అక్కడ మొదలుపెట్టింది ఆండ్రూ స్టో అనే ఆంగ్లేయుడు. దానికీ మకనీస్ ఇంటివంటకూ సంబంధం లేదు. బజారు తనకు నచ్చినదాన్నే వారసత్వం అంటుంది. అయినా నాటకం విషయంలో నాకు ఆ భయం తక్కువ. అడే పోయిన 1993లోనే, నవలా రచయిత కొడుకు మిగెల్ ద సెన్న ఫెర్నాండెస్ నడిపే ‘దోసి పాపియసాం ది మకావు’ బృందం మొదలైంది. వాళ్లు ఆడేది పాతకాలపు వైభవం కాదు. ఊరి రాజకీయాలను, అధికారులను, తమను తామే వెక్కిరించుకునే హాస్యం. వేదిక మీదికి చైనావాళ్లు, పోర్చుగల్ నుంచి కొత్తగా వచ్చినవాళ్లు కూడా ఎక్కి పతువాలో డైలాగులు చెబుతారు. అంతరించే భాషలో ఇవాళ్టి ఊరి మీద జోకు వేసి జనాన్ని నవ్విస్తున్నారంటే, అది అద్దాల పెట్టెలో లేదనే అర్థం. పుట్టుక అడగకుండా నేర్పించే ఈ దారే సరైనదని నా అభిప్రాయం. మీరెప్పుడైనా మకావు వెళితే టార్టుతో ఆగిపోకండి. మిన్షి వండే చిన్న భోజనశాల ఒకటి వెతుక్కోండి, కళల ఉత్సవం రోజులైతే పతువా నాటకానికి టికెట్ దొరుకుతుందేమో చూడండి.