అడవిలో ఉడకని పప్పు

అమెరికాలో మనవాళ్ళు క్యాంపింగుకు బయలుదేరితే టెంటు కంటే ముందు కారెక్కేది పులిహోర డబ్బా. ఆ వెనకే పెరుగు, గోంగూర పచ్చడి, జంతికలు. మిగిలిన సందులో పిల్లలు. ఎగతాళికి అనడం లేదు. అడవిలో మనం పడే అవస్థల్లో సగం ఈ తిండి సామాను చుట్టూనే తిరుగుతాయి. విరుగుడు కూడా చాలాసార్లు ఆ సామానులోనే దొరుకుతుంది.

ఎలుగుబంటితో మొదలుపెడదాం. కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో నల్ల ఎలుగుబంట్లు కారు తలుపు వంచి లోపలి తిండి తీసుకోవడంలో ఆరితేరాయి. 2001 నుంచి 2007 దాకా అవి పాడుచేసిన బళ్ళ లెక్కలు తీసి, కొందరు పరిశోధకులు 2009లో ఒక పత్రం ప్రచురించారు. పార్కుకు వచ్చే బళ్ళలో మినీవ్యాన్లు తక్కువే. ఎలుగుబంట్ల చేతికి చిక్కినవాటిలో మాత్రం వాటి వాటా ఎంతో ఎక్కువ. పరిశోధకులు ఊహించిన కారణాల్లో ఒకటి ఏమిటంటే, మినీవ్యాన్లలో పిల్లలు తిరుగుతారు, పిల్లలు తిరిగే బండిలో సీట్ల కింద చిరుతిళ్ళు రాలి ఉంటాయి. ఓడిస్సీ, సియెన్నా లాంటి మినీవ్యాన్లు నడిపే తెలుగు తల్లిదండ్రులకు ఇది ఎవరో తమ ఇంటికొచ్చి చూసి రాసినట్టే ఉంటుంది.

అందుకే ఆ పార్కులో చీకటి పడ్డాక కార్లో తిండి ఉంచకూడదు. క్యాంపు దగ్గరుండే ఇనప పెట్టెలో పెట్టి గడియ వేయాలి. తిండి ఒక్కటే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె, వాసన వచ్చే ప్రతిదీ అందులోకి చేరాల్సిందే. ఒక పెద్దాయన అమృతాంజనం సీసా ఇవ్వనంటే ఇవ్వనన్నారు. "ఈ ఘాటుకి ఎలుగుబంటి కూడా పారిపోతుందయ్యా" అని ఆయన వాదన. పాపం, అది తలనొప్పి మందని ఎలుగుబంటికి ఎవరు చెప్పాలి? నష్టం మనకు కారు తలుపుతో పోతుంది. మనుషుల తిండి మరిగి, భయం పోయి మీదికి రావడం మొదలుపెట్టిన ఎలుగుబంటిని మాత్రం చివరికి చంపేయాల్సి రావచ్చు.

ఇక పప్పు సంగతి. అదే యోసెమిటీలో టువాలమీ మెడోస్ అనే చోటు సుమారు 8,600 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ గిన్నెలో కందిపప్పు పొయ్యి మీద పెట్టి గంటసేపు కలిపినా పలుకు పలుకుగానే ఉంటుంది. వదినగారు పప్పు పాతదంటారు, అన్నగారు గ్యాసు చాలడం లేదంటారు, కొన్న దుకాణం మీద మరొకరు విసుక్కుంటారు. తప్పు వీళ్ళెవరిదీ కాదు. ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, దానితో పాటు నీళ్ళు మరిగే వేడీ తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే నీళ్ళు డెన్వర్‌లో 95 దగ్గరే మరుగుతాయి, టువాలమీలో 91 దగ్గరే. మంట పెంచితే నీళ్ళు తొందరగా ఇగిరిపోతాయి తప్ప, మూతలేని గిన్నెలో అంతకు మించి వేడెక్కవు.

దీనికి ప్రెషర్ కుక్కరే మందు. నాలుగు విజిల్స్ ఎక్కువ రానివ్వాలి, అంతే. కాకపోతే నిశ్శబ్దం కోసం అంత దూరం వచ్చిన పక్క టెంటువాళ్ళు మొదటి విజిల్‌కే లేచి నిలబడతారు. చాలా క్యాంపుల్లో రాత్రి పది దాటాక చప్పుడు చేయకూడదు కనక వంట పెందలాడే ముగించడం మర్యాద. కుక్కర్ మోసే ఓపిక లేకపోతే ఇంటి దగ్గరే పప్పు ఉడకబెట్టి తీసుకెళ్ళడం ఇంకా తెలివైన పని.

నా దృష్టిలో అన్నిటికన్నా చిత్రమైనది మారేడు దళం కథ. తూర్పు రాష్ట్రాల పార్కుల్లో నడకదారి పక్కన, చెట్ల మొదళ్ళకు అల్లుకుని ఒక తీగ కనిపిస్తుంది. ఒక్కో కాడకు మూడేసి ఆకులు, నడిమి ఆకుకు కాస్త పొడుగు తొడిమ. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన అత్తగారు వనభోజనాల రోజున దాన్ని చూసి, శివపూజకు పనికొస్తుందని కొంగు నిండా కోసుకుంటే ఆవిణ్ణి తప్పుపట్టలేం. అది పాయిజన్ ఐవీ. కాలిఫోర్నియా వైపు పాయిజన్ ఓక్ అని దాని చుట్టం ఉంది, దానికీ మూడాకులే.

దాని రసంలో ఉరుషియాల్ అనే జిడ్డు ఉంటుంది. తగిలిన వెంటనే ఏమీ తెలియదు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దద్దుర్లు, దురద, నీటిపొక్కులు వస్తాయి. నిజానికి ఈ బాధ మనకు కొత్తది కాదు. మామిడి సొన పడి మూతి పొక్కినవాళ్ళు, జీడిగింజ తొక్క రసం అంటి చెయ్యి కాలినవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో. మామిడి, జీడిమామిడి, పాయిజన్ ఐవీ మూడూ ఒకే వృక్ష కుటుంబానివి, వాటి జిడ్డూ ఒక జాతిదే. తగిలిందనిపించిన వెంటనే సబ్బుతో, ధారగా నీళ్ళు పోసి కడుక్కోవాలి. ఆ కొంగునూ, చెప్పులనూ, వెంట వచ్చిన కుక్కనూ వదలకూడదు, జిడ్డు వాటి మీద నిలిచి మళ్ళీ మనకే అంటుకుంటుంది. ఆ తీగను మాత్రం ఎప్పుడూ మంటలో వేయకండి, పొగతో పాటు ఆ జిడ్డు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గ్రాండ్ కాన్యన్ దగ్గర చిక్కు వేరు. కొండ ఎక్కడంలో ముందు కష్టం, తర్వాత సుఖం. ఇక్కడ దిగడం ముందు, ఎక్కడం తర్వాత. చల్లగా ఉందని హుషారుగా దిగినవాళ్ళకు అడుగున ఎండ మండిపోతుంది, తిరిగి ఎక్కడానికి దిగిన దానికి రెట్టింపు సమయం పడుతుంది. చెమటతో ఉప్పు పోతుంటే వట్టి నీళ్ళే తాగుతూ పోవడం కూడా ప్రమాదమే. నీళ్ళతో పాటు ఉప్పగా ఏదైనా తినమని పార్కువాళ్ళే చెబుతారు. మన జంతికలకూ చెక్కలకూ ఇంతకన్నా గౌరవమైన పని దొరకదు.

నవ్వుకోవడానికి వీల్లేని విషయం ఒకటుంది, బొగ్గులు. వంటయ్యాక నిప్పులు ఇంకా వెచ్చగా ఉన్నాయని, పిల్లలకు చలేస్తోందని గ్రిల్లును టెంటులోకి జరపడం ప్రాణం మీదికి తెస్తుంది. మన పాత వంటిళ్ళలో కుంపటి వెలిగినా పెంకుల సందుల్లోంచీ పొగగూట్లోంచీ గాలి ఆడేది. నైలాన్ టెంటుకు ఆ సందులు లేవు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. మంట ఆరి నిప్పులు నివురుగప్పాక కూడా అది వస్తూనే ఉంటుంది. చలికి ఇంకో దుప్పటి తీసుకెళ్ళాలి గానీ నిప్పును లోపలికి తేకూడదు.

వనభోజనాల కమిటీలకు చివరగా ఒక విన్నపం. గుత్తి వంకాయా, బిర్యానీయా అని వాట్సాప్‌లో వారాల తరబడి తేల్చుకుంటారు. అదే సందేశం కింద ఇంకో నాలుగు ముక్కలు రాయండి. పార్కులో సిగ్నల్ ఉండకపోవచ్చు, మ్యాపు ముందే ఫోనులో దించుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంటి దగ్గర ఉన్నవాళ్ళకు చెప్పండి. సరస్సు గానీ జలపాతం గానీ ఉంటే లైఫ్ జాకెట్లు తెచ్చుకోండి, ఈత రానివాళ్ళు నీళ్ళలో దిగకండి. ఈ దేశంలో మన విద్యార్థులు నీళ్ళలో మునిగిపోయిన వార్తలు ఇప్పటికే చాలా విన్నాం.