మీకు తెలుసా? గ్రానైట్‌లో ఆ నల్ల ముద్దలు ఎక్కడివి?

హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. ఆ గులాబీ, బూడిద రంగు రాయి మధ్య అక్కడక్కడా గుండ్రంగానో కోలగానో నల్లటి ముద్దలు కనిపిస్తాయి. ఇలాంటివి చాలావరకు రెండు శిలాద్రవాల కలయికకు గుర్తులు. భూగర్భంలో గ్రానైట్ పూర్తిగా గట్టిపడకముందే, ఇంకా లోతు నుంచి బసాల్ట్ తరహా ద్రవం అందులోకి చొచ్చుకొస్తుంది. దాని వేడి 1,000 డిగ్రీల సెల్సియస్ పైమాటే. గ్రానైట్ ద్రవానిది సుమారు 700–800. బెల్లం పాకం చన్నీళ్లలో పడగానే ఉండకట్టినట్టు ఆ బసాల్ట్ ద్రవం చప్పున గడ్డకడుతుంది. అందుకే ఆ ముద్దల్లో రేణువులు సన్నగా ఉంటాయి. కొన్నిటికి అంచు మరీ నల్లగా, మరీ సన్నటి రేణువులతో కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముచ్చటైన సాక్ష్యం మరొకటుంది. కొన్ని ముద్దల లోపల గ్రానైట్‌కు చెందిన పెద్ద ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు ఇరుక్కుని ఉంటాయి. రెండూ ఇంకా మెత్తగా ఉన్నప్పుడే అవి ఇటు నుంచి అటు దాటగలవు. పలకలు కోసేవారికి ఈ మచ్చ లోపమే కావచ్చు, చదవడం తెలిసినవారికి మాత్రం అదే రాయిలోకెల్లా విలువైన చోటు.

మూలలు తేలిన నల్ల ముక్కల సంగతి వేరు: అవి ఎక్కువగా పక్కనున్న పాత శిల నుంచి విరిగి పడినవి.