ఉరికిన కాళ్లతోనే దుంకాలి

పోలీసు నోటిఫికేషన్ పడిందంటే కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాల మైదానాలు తెల్లవారకముందే నిండిపోతాయి. 2018 నోటిఫికేషన్‌లో పురుషులకు 100 మీటర్లు, 800 మీటర్లు, లాంగ్ జంప్, హైజంప్, షాట్‌పుట్ కలిపి అయిదు ఈవెంట్లు ఉండేవి. 2022లో అవి మూడయ్యాయి. 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి, 4 మీటర్లు దుంకాలి, 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరాలి. అంతకుముందు లాంగ్ జంప్ గీటు 3.80 మీటర్ల దగ్గర ఉండేది. పెరిగిన ఆ 20 సెంటీమీటర్ల కోసం అభ్యర్థులు రోడ్డెక్కారు, రాజకీయ పార్టీలూ గొంతు కలిపాయి. ఆ కోపం న్యాయమైనదే. అయితే ఆ గొడవలో అసలు కిటుకు మరుగున పడిపోయింది. 2022 డిసెంబరు 8న మొదలైన ఆ పరీక్షల్లో పరుగు ముందు పెట్టారు. అందులో నెగ్గినవాళ్లకు ఎత్తు కొలిచి, ఆ తర్వాత ఇసుక గుంత దగ్గరికి పంపారు. అంటే అక్కడ కొలిచింది ఒక యువకుడు ఎంత దూరం దుంకగలడన్నది కాదు, మైలు దూరం ఉరికాక ఎంత దుంకగలడన్నది. ఈ రెండింటికీ తేడా ఉంది. కొలువు వచ్చేదీ చేజారేదీ చాలామందికి ఆ తేడాలోనే.

దుంకే క్షణంలో కాలు నేల మీద ఉండేది సెకనులో ఏడెనిమిదో వంతు. ఆ కాస్త వ్యవధిలోనే తొడ ముందు కండరాలు, పిక్కలు ముందు సాగి, వెంటనే బలంగా ముడుచుకోవాలి. పరుగులో వచ్చిన వేగాన్ని పైకి మళ్లించేది అవే. అలసిన కండరం నెమ్మదిగా పనిచేస్తే సరిపోయే చోట్లు ఉంటాయి, ఇది అటువంటి చోటు కాదు. అలసటకు కారణం లాక్టిక్ ఆమ్లమేనని గ్రౌండ్‌లో ఇప్పటికీ అంటుంటారు. గత పాతికేళ్ల పరిశోధన ఆ మాటను చాలావరకు పక్కకు నెట్టింది. కండరంలో ఫాస్ఫేట్ పోగుపడడం, కండరాన్ని బిగించే క్యాల్షియం తగినంత విడుదల కాకపోవడం ఇప్పుడు ముఖ్య కారణాలుగా కనిపిస్తున్నాయి. మెదడు నుంచి వచ్చే ఆదేశం కూడా సన్నగిల్లుతుంది. ఇక్కడ అభ్యర్థులు పొరబడే విషయం ఒకటుంది. పరుగు ముగిసిన కొన్ని నిమిషాలకే ఊపిరి కుదుటపడుతుంది, తక్షణ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ కూడా చాలావరకు నిండుతుంది. దాంతో కాళ్లు కూడా తేరుకున్నాయనిపిస్తుంది. కానీ గట్టి శ్రమ తర్వాత కండరంలో ఒక రకం అలసట గంటల తరబడి నిలిచి ఉంటుందని ఎడ్వర్డ్స్ బృందం 1977లోనే చూపించింది. ఆయాసం తగ్గినంత మాత్రాన కాలు సిద్ధమైనట్టు కాదు.

ఇంకో అధ్యయనం నేరుగా దూకుడు మీదే జరిగింది. 2002లో రోడాకీ, ఫౌలర్, బెన్నెట్ కొందరి తొడ కండరాలను కావాలని అలసిపోజేసి పైకి ఎగరమన్నారు. తొడ ముందు కండరాలు అలసినప్పుడు ఎత్తు తగ్గింది, వెనక కండరాలు అలసినప్పుడు తగ్గలేదు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించింది మరొకటి. బలం తగ్గినా కదలికల వరుస పెద్దగా మారలేదు. అంటే అలసిన కాలికి తగ్గట్టుగా ఒళ్లు అప్పటికప్పుడు కొత్త పద్ధతి వెతుక్కోదు. పొద్దున్నే తాజా కాళ్లతో వంద దూకుళ్లు దూకి నేర్చుకున్న లయ, పరుగు తర్వాత దానంతటదే సర్దుకుంటుందనుకోవడం అత్యాశ. లెక్క కూడా చూడండి. తాజాగా 4.20 మీటర్లు దుంకే యువకుడు తనకు 20 సెంటీమీటర్ల వెసులుబాటు ఉందనుకుంటాడు. అలసట ఆ 4.20లో అయిదు శాతం తిన్నా మిగిలేది 3.99.

అందరూ ఒకే పరుగు ఉరికారు కదా, ఇందులో అన్యాయమేముంది అని అడగవచ్చు. దొంగ వెంట ఉరికిన కానిస్టేబుల్ గోడ దుంకాల్సి వస్తే విశ్రాంతి అడుగుతాడా అన్న ప్రశ్న కూడా సబబైనదే. పరుగు తర్వాత దుంకమనడాన్ని నేనూ తప్పుపట్టను. తప్పుపట్టేది పరుగుకూ దూకుడుకూ మధ్య వ్యవధిని. ఒకరికి ఎత్తు కొలత పావుగంటలో అయిపోయి, ఇంకొకరు రెండు గంటలు వరుసలో నిలబడితే వాళ్లిద్దరిదీ ఒకే పరీక్ష కాదు. ఎక్కువసేపు ఆగినవాడే లాభపడతాడని కూడా చెప్పలేం. డిసెంబరు ఉదయం ఆదిలాబాద్ చలి ఎలాంటిదో ఆ జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. కండరం వేడి ఒక్క డిగ్రీ తగ్గితే దూకుడు శక్తి దాదాపు నాలుగైదు శాతం పడిపోతుంది. చెమట ఆరి, బనియన్‌తో నిలబడిన పిల్లవాడు తేరుకుంటూనే చల్లబడిపోతుంటాడు. పరుగుకూ దూకుడుకూ మధ్య ఇంత సమయమని ముందే ప్రకటించి, దూకే ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోనిస్తే పరీక్ష సులువైపోదు, అందరికీ సమానమవుతుంది.

నిబంధనలు మారేదాకా అభ్యర్థి చేయగలిగింది ఏమిటి? దూకుడు ఫెయిలైనవాళ్లు దూకుడే ఎక్కువ సాధన చేస్తారు. నా అభిప్రాయంలో చాలామందికి మందు పరుగులో ఉంది. 7 నిమిషాల 15 సెకన్లంటే గంటకు 13 కిలోమీటర్లకు పైగా వేగం. ఆ గడువును చివరి సెకనులో అందుకునేవాడు ఒంట్లో ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఇసుక గుంతకు వస్తాడు. అదే దూరాన్ని ఆరున్నర నిమిషాల్లో ఉరకగలవాడు ఏడు నిమిషాల్లో ముగిస్తే అతని కాళ్లలో మిగులు ఉంటుంది. బాగా సాధన చేసిన దూరపు పరుగు క్రీడాకారులు అలిసేదాకా ఉరికాక కూడా ముందటంత ఎత్తు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ ఎగిరినట్టు అధ్యయనాల్లో తేలింది. అలసట దూకుడును ఎప్పుడూ దెబ్బతీస్తుందన్న వాదనకు ఇది ఎదురు సాక్ష్యం. దెబ్బ ఎంతన్నది పరుగు మీద కన్నా ఉరికిన కాలి తయారీ మీద ఆధారపడుతుందని దాని అర్థం. మహిళల గీటు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు, దూకుడు 2.50 మీటర్లు. వేగం గంటకు 9 కిలోమీటర్లే అయినా, పరుగు అలవాటే లేని అమ్మాయికి అదీ కాళ్లు పిండేసే శ్రమే.

కాబట్టి వారంలో ఒకటి రెండు రోజులైనా పరీక్ష వరుసలోనే సాధన చేయించాలి. పూర్తి పరుగు, కాసేపు నిలబడడం, మళ్లీ వేడెక్కడం, ఆ తర్వాత మూడంటే మూడు దూకుళ్లు. పరీక్ష ముంగిట మాత్రం ఈ కష్టం ఆపాలి. ఎక్కువగా దూకిన కండరం గంటా రెండు గంటల్లో తేరుకున్నట్టే అనిపించి, ఒకటి రెండు రోజుల తర్వాత నొప్పితో మళ్లీ బలహీనపడుతుంది. ముందురోజు వంద దూకుళ్లు దూకించే కోచ్ ఆ అభ్యర్థి బలాన్ని తన చేతులతోనే తీసేస్తున్నాడు.