కొడవలి అంటే వేట కొడవలేనా?

పోయిన ఎండాకాలం బస్సులో వస్తాంటే నా సంచి తెరిపించినారు. లోపల గోనెపట్టలో చుట్టిన పాత కొడవళ్ళు ఏడు. "ఏమప్పా, ఫ్యాక్షనా?" అన్నాడు ఒకాయన. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వినా గానీ ఆ రాత్రి నిద్ర పట్టలా. సీమ మనిషి చేతిలో ఇనుము కనపడితే చాలు, జనానికి సినిమానే గుర్తొస్తాది.

ఆ ఏడూ కోసింది కొర్రను, జొన్నను, గడ్డిని. వేట అంటే మన పక్క జాతరలో కోసే పొట్టేలు కదా! ఆ మాటకు కూడా సినిమా వేరే అర్థం అంటగట్టింది.

పదేండ్లుగా ఇట్లాంటివి ఏరుకుంటా ఉండా. మొదటిది మా అవ్వది. పాత సామాన్లోడు తూకమేసి కట్టుకుంటాంటే వెనక్కి లాక్కున్నా. నూరి నూరి అంచు నెలవంక మాదిరి సన్నబడింది. పిడి మీద ఆమె బొటనవేలు ఆనించే చోట చిన్న గుంట.

దాన్ని ఎట్ల చూడాలో మా ఊరి కమ్మరి తాత చెప్పినాడు. అంచుకు కక్కు ఉంటే అది సన్న కాడకు: వరి, కొర్ర, గడ్డి. కక్కు లేకుండా బరువుగా ఉంటే జొన్న దంటుకు, కంపకు. పొడుగు కట్టెకు కట్టింది దోటి, గొర్లోళ్ళు తుమ్మ కొమ్మ దించేది. చెప్పుల పనికి రంపె వేరే. అంటే కత్తిని చూస్తే ఆ ఇంట్లో ఏం పండిందో, ఏం పని చేసినారో తెలుస్తాది. పోయిన శతాబ్దం రెండో సగంలో శెనక్కాయ మన చేన్లంతా కమ్ముకునింది. శెనక్కాయ చెట్టును పీకుతారు, లేదంటే గుంటకతో లేపుతారు. కొడవలితో పనే లేదు. కొర్ర పోయింది, కక్కు కొట్టే పనీ పోయింది. పంట కళ్ళంలో కమ్మరికి కొలిచే మేర కూడా దాంతోనే పోయింది. కరువొక్కటే కొలిమిని ఆర్పలేదు.

అసలు విద్య పానం పెట్టడంలో ఉంది. ఎర్రగా కాల్చి, అంచును నీళ్ళలో ముంచి తీస్తాడు. లోపలి వేడి మళ్ళీ అంచుకు పాకేటప్పుడు రంగు మారతాది. ఎండుగడ్డి రంగు వచ్చిందా, వెంటనే ముంచాల. ఆలస్యమైతే నీలం తిరిగి అంచు మెత్తబడతాది. తొందరపడితే రాయి తగిలి పుటుక్కుమంటాది. తాత దగ్గర థర్మామీటర్ లేదు, కన్నే. మూలన చీకటిగా ఉండే కొలిమిని మనం వెనకబాటు అనుకున్యాం. రంగు కనపడాలంటే చీకటి కావాల!

కత్తిని చూసి భయపడే పాలకులు మనకు కొత్త కాదు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేసినాక, కలెక్టరుగా వచ్చిన మన్రో 1807 దాకా ఉండి పాళెగాళ్ళ బలగాలను అణిచేసినాడు. ఇప్పటి చట్టం 1959ది. దాని నియమాల్లో 9 అంగుళాల పొడుగు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటిన కత్తుల సంగతి ఉంది. ఇంటికి, సేద్యానికి చేసిన వాటికి మినహాయింపు. ఇది తెలుసుకోండి. బాకులు ఏరుకోవద్దండి, కొడవలి పట్టుకొని రీల్స్ అసలే వద్దు. బస్సులో ఆ నవ్వును మనమే పెంచి పోషిస్తాండాం.

మీ అటక మీద ఒకటి దొరికితే గరుకు కాగితంతో రుద్దొద్దు, సుత్తి దెబ్బల గుర్తులు పోతాయి. గుడ్డతో ఆముదం పూయండి. ఎవరిది, ఏ ఊరి కొలిమి, ఏం కోసినారు అని ఒక చీటీ రాసి పిడికి కట్టండి.

మా తాత కొలిమిలో ఇప్పుడు లారీ కమాన్ కట్టల ముక్కలే ఉండాయి. దసరాకు కుంకుమ పెట్టినప్పుడు వీడియో తీసుకుంటానన్నా. "తీసుకో నాయనా, కక్కు కొట్టేది గూడా తీసుకో. దానికి ఎవరన్నా కొడవలి తెస్తే కదా" అన్నాడు. మా అవ్వ కొడవలి తీసుకొని పోతాండా.