వివృత్తి: రెండు అచ్చుల నడుమ విరామం

వేదపారాయణం శ్రద్ధగా ఆలకించే భక్తులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. మంత్రం నడుమ పండితులు అచ్చును అచ్చుతో కలుపక లిప్తకాలం ఆగుతారు, అది తడబాటా? కాదు. అది శాస్త్రం కొలిచి ఇచ్చిన విరామం. దాని పేరు వివృత్తి.

'వి' అనే ఉపసర్గతో 'వృత్' ధాతువు చేరగా ఏర్పడిన ఈ పదానికి విచ్చుకొనుట, విడివడుట అని అర్థం. రెండు స్వరాల మధ్యనున్న ఎడమే వివృత్తి అని ఋక్ప్రాతిశాఖ్యం నిర్వచించింది. పాశ్చాత్యులు 'డయెరెసిస్' అనే గ్రీకు మాటతో ఇటువంటి విడదీతనే సూచిస్తారు. దానికి విభజన అని అర్థం. వారు అచ్చుపై రెండు చుక్కలుంచుతారు. మన లిపిలో అచ్చును పూర్ణాక్షరంగా వ్రాస్తే చాలును.

ఈ ఎడం ఎందుకు? 'దేవః' తరువాత 'ఏవ' వచ్చినప్పుడు విసర్గ లోపించి 'దేవ ఏవ' అవుతుంది. అక్కడ మరల సంధి చేయరాదు. 'దేవైవ' అని కలిపితే విన్నవారు 'ఓ దేవా' అనే సంబోధనగా గ్రహించే అవకాశమున్నది. అర్థమే మారిపోతుంది. అట్లే ఈ, ఊ, ఏలతో ముగిసే ద్వివచనాలకు పాణిని 'ప్రగృహ్యం' అనే సంజ్ఞ నిచ్చి సంధిని నివారించాడు. 'హరీ ఏతౌ' అనేది అందుకు ప్రసిద్ధోదాహరణం. ఒకే పదంలో వివృత్తి ఉండుట మిక్కిలి అరుదు. జల్లెడ అని అర్థమిచ్చే 'తితఉ' అనే వైదికపదం అట్టిది. జల్లెడతో పిండిని శోధించినట్లు ధీరులు మనస్సుతో వాక్కును శోధిస్తారని చెప్పే ఋగ్వేద మంత్రంలోనే ఆ పదం కనబడుట విశేషం.

తైత్తిరీయ ప్రాతిశాఖ్యం విరామాలకు కొలతలు చెప్పింది. ఋక్కు చివర 3 మాత్రలు, పదం చివర 2, వివృత్తికి 1, ఒకే పదంలోని వివృత్తికి అర్ధమాత్ర. హ్రస్వాక్షరం పలికే కాలమే మాత్ర. శిక్షాగ్రంథాలు వివృత్తి భేదాలకు ముచ్చటైన పేర్లు కూడా పెట్టాయి. ఇరువైపుల దీర్ఘాలుంటే 'పిపీలిక', అంటే చీమ. నడుము సన్నమై ఇరుకొసలు లావైన రూపం కదా!

మన నారాయణఖేడ్ ప్రాంతంలో తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ వినబడతాయి. తెలుగులో 'మా అమ్మ' 'మాయమ్మ' అవుతుంది. కన్నడంలో 'మనె', 'అల్లి' కలిసి 'మనెయల్లి' అవుతుంది. అచ్చుల నడుమ యకారాన్ని చేర్చుట ఈ భాషలకు సహజం, మనకు అలవాటు. ఆ అలవాటుననే ఇంట పారాయణం చేసేవారు 'దేవ యేవ' అని పలుకుతుంటారు. మాతృభాషలో అందమైన ఆ యకారం మంత్రంలో లేని అక్షరమవుతుంది.

కనుక పుస్తకం చూచి చదివేటప్పుడు పంక్తి నడుమ పూర్ణమైన అచ్చు కనబడితే, దానిని ముందరి అచ్చుతో కలుపకండి, యకారం చేర్చకండి. ఊపిరి తీయునంతసేపు ఆగనక్కరలేదు, ఒక్క మాత్ర చాలు. దాని నిడివిని గురుముఖంగా విని అలవరచుకొనుట ఉత్తమం. మంత్రంలో అక్షరమెంత ముఖ్యమో, అక్షరాల నడుమనున్న ఎడమూ అంతే ముఖ్యం.