గోదారి గట్టున మేటి గుడులు, మేటి బండలు

సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు ఉన్నదల్లా గోదావరే. పొడవు 1,465 కిలోమీటర్లు. దేశంలో గంగ తర్వాత ఇదే. బాసర నుంచి కాళేశ్వరం దాకా ఈ నది ఒడ్డునా, ఒడ్డుకు కాస్త ఎడంగానూ ఉన్న పల్లెల్లో ఎన్ని రికార్డులో చూడండి!

తెలుగులో దొరికిన అతి పాత కంద పద్యాలు తాటాకు మీద లేవు, బండ మీద ఉన్నాయి. గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట వాటి చిరునామా. కాలం క్రీ.శ. 945 ప్రాంతం. చెక్కించినవాడు జినవల్లభుడు. ఒకే శాసనంలో మూడు భాషలు: సంస్కృతం, కన్నడం, తెలుగు. తెలుగు కందాలు మూడంటే మూడే. పాదాలు లెక్కపెడితే 12. నన్నయకు భారతం అప్పగించిన రాజరాజ నరేంద్రుడు గద్దెనెక్కింది 1022లో. అంటే ఆంధ్ర మహాభారతానికి ఒక్క అక్షరం పడడానికి కనీసం ముప్పావు శతాబ్దం ముందే ఈ గుట్ట మీద కందం నడిచింది! 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిందంటే, అందుకు సాక్ష్యం పలికినవాటిలో ఈ బండ ఒకటి.

ఆ జినవల్లభుడి అన్న ఎవరనుకున్నారు? పంప మహాకవి. కన్నడానికి ఆదికవి. వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో ఉండి 941లో భారతం రాశాడు. అన్న కన్నడకు తొలి మహాకవి, తమ్ముడు తెలుగుకు తొలి కందాలు మిగిల్చినవాడు. ఒకే ఇంట్లో రెండు భాషల పంట! ఇలాంటి అన్నదమ్ముల జోడీ దేశంలో మరొకటి నేను వినలేదు. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ కోసం గుట్టల మీద గుట్టలు కరిగిపోతున్నాయి. ఈ ఒక్క గుట్టకు మాత్రం ఉలి దెబ్బ కూడా తగలకూడదు.

పాతదనంలో కోటిలింగాలను కొట్టే ఊరు ఈ ఒడ్డున లేదు. పెద్దవాగు గోదావరిలో కలిసే చోట నేలను తవ్వితే శాతవాహన మూలపురుషుడు సిముకుడి నాణేలు బయటపడ్డాయి. అంతకంటే ముందటి రాజులు గోబద, నారన, కంవాయ, సమగోపల నాణేలూ దొరికాయి. వయసు 2,000 ఏళ్లకు పైమాటే. ఇప్పుడు ఎల్లంపల్లి జలాశయం వెనుకనీళ్లు ఆ నేలను తాకుతున్నాయి.

బలగంలో మేటి ఎవరు? ఆంధ్రులకు 30 కోట నగరాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని గ్రీకు రాయబారి మెగస్తనీసు మాటగా రోమన్ రచయిత ప్లినీ రాశాడు. బౌద్ధ స్తూపమున్న ధూళికట్ట ఆ 30లో ఒకటని చరిత్రకారుల ఊహ.

పొట్టిదే కానీ గట్టిది ప్రాణహిత. వార్ధా, వైన్‌గంగ కలిసిన చోట పుట్టి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసేదాకా నడక 113 కిలోమీటర్లే. కరీంనగర్ నుంచి హైదరాబాద్ దూరమైనా లేదు. పరీవాహక ప్రాంతం మాత్రం 1,09,078 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ మొత్తం 1,12,077! గోదావరి ఉపనదుల్లో దీన్ని మించింది లేదు.

ఆ సంగమం ఒడ్డునే అరుదైన గర్భగుడి ఉంది. కాళేశ్వరంలో పానవట్టం ఒకటి, లింగాలు రెండు: కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు. కంటికి కనిపించే నదులు రెండు, అంతర్వాహినిగా సరస్వతి మూడోది. 2025 మేలో సరస్వతీ పుష్కరాలు 12 రోజులు ఇక్కడే జరిగాయి.

యముడికి గుడి ఎన్ని ఊళ్లలో చూశారు? ధర్మపురిలో లక్ష్మీనరసింహుడి ఆవరణలోనే ఆయనకో గుడి. ‘ధర్మపురికి పోతే యమపురి ఉండదు’ అని ఈ వైపు నానుడి. పద్యాల్లోకెక్కడంలోనూ ఈ ఊరిదే పైచేయి: శేషప్ప కవి నరసింహ శతకంలో ప్రతి పద్యం మకుటంలోనూ ధర్మపురి పేరే. అరికేసరి పంపకు బహుమతిగా ఇచ్చిన అగ్రహారం పేరు కూడా ధర్మపురమే!

ఘోర పరాభవం మంథనిది. అప్పటి పేరు మంత్రకూటం. కాకతి రెండో ప్రోలుడు ఇక్కడి ఏలిక గుండరాజుకు గుండు గీయించి, రొమ్ము మీద వరాహ ముద్ర వేయించాడు. ఈ సంగతి 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో ఉంది.

ఊగడంలో మేటి ఎలగందుల మీనార్లు. 1754లో జఫరుద్దౌలా కట్టించిన జంట. ఒకదాన్ని ఎక్కి కుదిపితే తాటిచెట్టు గాలికి ఊగినట్టు కదులుతాయి.

అతి దూరపు వంశం జైనథ్‌లో. ఆదిలాబాద్ పక్కనున్న ఈ ఊళ్లో మాళవ పరమారుల జగద్దేవుడి కాలపు సంస్కృత శాసనం ఉంది. లోలార్కుడి భార్య పద్మావతి నింబాదిత్యుడికి, అంటే సూర్యుడికి, గుడి కట్టించిందని అందులో ఉంది. కట్టించింది మహారాణి కాదు, రాజు కొలువులోని వాడి ఇల్లాలు! ఇప్పుడు ఊరి గుడిలో కొలువైనది లక్ష్మీనారాయణుడు. ఏటా కొన్నాళ్లు పొద్దుటి ఎండ ఆయన పాదాలను తాకుతుంది.

అన్నిటికంటే చిన్న వయసు గుడి కేస్లాపూర్ నాగోబాది. పూజ తరతరాలది, రాతి కట్టడం మాత్రం 2022 డిసెంబర్‌లో ప్రారంభమైంది. సుమారు 5 కోట్ల రూపాయలను మెస్రం వంశపు గోండులే ఇంటింటా పోగేశారు. పుష్య అమావాస్య జాతరకు అభిషేక జలం జన్నారం మండలంలోని హస్తినమడుగు నుంచి కాలినడకన రావాలి. అదీ గోదావరి నీళ్లే. జాతరకు మెస్రం వాళ్లు ఎన్ని వేల మంది వచ్చినా వంట వండేది మాత్రం 22 పొయ్యిల మీదే.